ఫీడు కంపెనీ మానేస్తే రెండేళ్లు ఇంకెక్కడా చేయకూడదంట, ఈ అగ్రిమెంటు చెల్లుతుందా?

చెరువు గట్టు (ఆకివీడు):

అందరికీ నమస్కారం అండి. నేను రొయ్యల మేత అమ్మే ఒక ఫీడు కంపెనీలో ఆరేళ్లుగా ఫీల్డు టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆకివీడు, ఉండి, కాళ్ళ మండలాల్లో మా కంపెనీ మేత వాడే రైతుల చెరువులన్నీ నేనే చూడాలి. పొద్దున్న 5 గంటలకి బండి తీస్తే చెక్ ట్రేలు (రొయ్య మేత ఎంత తిందో తెలియడానికి చెరువులో పెట్టే పళ్లేలు) చూడడం, నీళ్లు పట్టి పీహెచ్, అమ్మోనియా టెస్టులు చేయడం, రొయ్యని వెలుగులో పెట్టి పేగు చూసి ఈ పూట మేత తగ్గించండి అనో పెంచండి అనో చెప్పడం, వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) కనపడిందని అర్ధరాత్రి ఫోన్ వచ్చినా వెళ్లడం, ఇదే నా పని. జీతం 24 వేలు, పెట్రోలు విడిగా ఇస్తారు.

ఇప్పుడు వేరే ఫీడు కంపెనీ వాళ్లు 31 వేలు ఇస్తామన్నారు, ఏరియా కూడా ఇదే. మా మేనేజరు దగ్గర మాట ఎత్తాను. ఆయన కోప్పడలేదు, బీరువాలోంచి ఫైలు తీసి, చేరిన రోజు నేను సంతకం పెట్టిన అగ్రిమెంటు టేబుల్ మీద పెట్టారు. పైన వంద రూపాయల స్టాంపు పేపరు, వెనక ఏడు పేజీలు, అంతా ఇంగ్లీషు. అందులో 14వ షరతు వేలు పెట్టి చూపించారు. మానేసిన రోజు నుంచి రెండేళ్లు ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఫీడు, సీడు (రొయ్య పిల్లలు), మందులు, ల్యాబు, వీటిలో ఏ కంపెనీలోనూ చేరకూడదు, సొంతంగా పెట్టుకోకూడదు, మాట తప్పితే 3 లక్షలు కట్టాలి. నేను సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కులు రెండు, డిప్లొమా ఒరిజినల్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి.

నాకు రొయ్య తప్ప ఇంకో పని రాదండి. ఈ మూడు జిల్లాలు వదిలేసి ఎక్కడికి పోతాను, చిన్నదాన్ని ఈ ఏడే ఇక్కడ స్కూల్లో వేశాం. మా ఆవిడ వాళ్ల అన్నయ్య కాలిఫోర్నియాలో ఉంటారు, ఫోన్ చేస్తే "మా రాష్ట్రంలో ఇలాంటి కాగితం అసలు చెల్లదు బావా, అక్కడ మీ రాష్ట్రంలో చట్టం ఏముందో కనుక్కో" అన్నారు. మన ఆంధ్రాలో అలాంటి చట్టం ఉందా? నాన్నేమో పెద్ద కంపెనీతో మనకెందుకురా, ఉన్నచోటే ఉండు అంటున్నారు. వారం రోజులుగా టెన్షన్‌తో సరిగా నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజోలు కాలవ:

నాది రాజోలు దగ్గర పల్లెటూరు, 12 ఏళ్లుగా షికాగో పక్కన ఉంటున్నాను. మీ బావగారు చెప్పింది నిజమే, కానీ అది కాలిఫోర్నియా సంగతి. అమెరికా అంతా అలా ఉండదు, ఇక్కడ గీత దాటితే చట్టం మారిపోతుంది.

కాలిఫోర్నియాలో 1872 నుంచీ ఉద్యోగి వేరేచోట చేరకూడదన్న షరతు చెల్లదు. నార్త్ డకోటా, ఓక్లహోమాలోనూ దాదాపు అంతే. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి రాసుకున్న అగ్రిమెంట్లు చెల్లవు, అంతకు ముందు రోజు సంతకం పెట్టినవాడికి మాత్రం ఆ రక్షణ లేదు. మసాచుసెట్స్‌లో 2018లో తెచ్చిన చట్టం ఇంకో రకం, ఏడాదికి మించి ఆపకూడదు, ఆపినన్నాళ్లు సగం జీతం ఇవ్వాలి, లేదా ఇద్దరూ ఒప్పుకున్న ప్రతిఫలం ఇంకేదైనా ఉండాలి. నాకు ఇది న్యాయంగా అనిపిస్తుంది, నన్ను పని చేయొద్దంటే నా ఇల్లు ఎవరు గడుపుతారు మరి. ఫ్లోరిడా దీనికి పూర్తిగా ఎదురు, పెద్ద జీతాల వాళ్లని నాలుగేళ్ల దాకా కట్టేసుకోవచ్చని 2025లో చట్టం చేసుకున్నారు.

మీ విషయానికి దగ్గరగా ఉన్నది మా ఇల్లినాయిస్‌లో జరిగింది. శాండ్‌విచ్‌లు అమ్మే ఒక పెద్ద చైన్ వాళ్లు రొట్టె మధ్యలో కూరలు పెట్టి చుట్టిచ్చే కుర్రాళ్ల దగ్గర కూడా, మానేశాక రెండేళ్లు చుట్టుపక్కల శాండ్‌విచ్ షాపుల్లో చేరబోమని సంతకాలు తీసుకున్నారు. గంటల లెక్కన జీతం తీసుకునే పిల్లల దగ్గర! 2016లో రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేస్తే ఆ ఏడాది చివర్లోనే లక్ష డాలర్లు కట్టి, ఆ షరతు తీసేసి రాజీపడ్డారు. 2017 నుంచి తక్కువ జీతాల వాళ్ల దగ్గర రాయించుకోవడమే నిషేధం. 2022 జనవరి నుంచి ఇంకా గట్టి చేశారు, ఏడాదికి 75 వేల డాలర్లకి మించి సంపాదించని వాళ్ల దగ్గర ఈ షరతు పెట్టకూడదు, ఐదేళ్లకోసారి ఆ లెక్క పెరుగుతుంది. మించి సంపాదించేవాళ్లకైనా కాగితం చదువుకోవడానికి 14 రోజులు టైము ఇవ్వాలి, లాయరుకి చూపించుకో అని రాసి చెప్పాలి.

దేశమంతా ఒకటే రూలు పెడదామని ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) అనే ఇక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రయత్నించింది. సుమారు 3 కోట్ల మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు ఇలాంటి కాగితాల కింద ఉన్నారని అప్పుడు వాళ్ల అంచనా. టెక్సస్‌లో ఫెడరల్ కోర్టు అదే ఆగస్టులో దాన్ని కొట్టేసింది, 2025 సెప్టెంబరులో ఎఫ్‌టీసీ అప్పీలు కూడా వదులుకుంది. అందుకే ఇక్కడ ఇంకా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే.

ఇంకొక్క మాట. 150 ఏళ్లుగా చెల్లదని తెలిసినా కాలిఫోర్నియాలో కంపెనీలు ఈ షరతు రాయిస్తూనే ఉన్నాయి, ఎందుకంటే చదివినవాడు భయపడి ఆగిపోతాడు, కోర్టు దాకా వెళ్లేది ఎవరు. చివరికి 2024 జనవరి నుంచి ఇంకో చట్టం అమల్లోకి తెచ్చి, మీరు గతంలో సంతకం పెట్టిన ఆ షరతు చెల్లదు అని కంపెనీలే ఫిబ్రవరి 14 లోపు పాత ఉద్యోగులకి కూడా ఉత్తరాలు రాయాలన్నారు. మీ మేనేజరు కోప్పడకుండా ఫైలు తీసి చూపించారు అని చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. మన దగ్గర చట్టం సంగతి ఇక్కడి వకీలు గారు ఎవరైనా చెప్తే బావుంటుంది.

నరసాపురం అడ్వకేటు:

తమ్ముడూ, ముందు ఈ రాత్రి నిద్రపో. ఆంధ్రాకి విడిగా చట్టం లేదు, అవసరం కూడా లేదు, దేశం మొత్తానికి ఒకటే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 27. చట్టబద్ధమైన వృత్తిగాని వ్యాపారంగాని చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం, ఆ అడ్డుకున్న మేరకు చెల్లదు. అంతే, రెండు లైన్లు. చట్టంలో రాసిన మినహాయింపు ఒకటే, వ్యాపారం గుడ్‌విల్‌తో (దానికున్న మంచి పేరుతో) సహా అమ్ముకున్నవాడు పక్కనే అదే కొట్టు పెట్టకూడదు అని రాసుకోవచ్చు. నువ్వు వ్యాపారం అమ్మలేదు, ఉద్యోగం చేశావు.

పైన ఆయన కాలిఫోర్నియా 1872 అన్నారు, మనదీ 1872. అది ఊరికే కలిసిన సంవత్సరం కాదు. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే లాయరు న్యూయార్క్ కోసం ఒక సివిల్ కోడ్ ముసాయిదా రాశారు. కాలిఫోర్నియా వాళ్లు దాన్నే తీసుకున్నారు, మన సెక్షన్ 27 కూడా అందులోంచే వచ్చింది. ఎవరి కోసం రాశారో ఆ న్యూయార్క్ మాత్రం తీసుకోలేదు, అక్కడ ఈ రోజుకీ కోర్టు సబబుగా ఉందా లేదా అని తూకం వేస్తుంది. లా కాలేజీలో ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా సంతోషం వేసింది, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఉద్యోగంలో ఉండగా ఒక లెక్క, మానేశాక ఒక లెక్క. ఉద్యోగంలో ఉన్నప్పుడు పోటీ కంపెనీకి పని చేయకూడదన్న షరతు చెల్లుతుంది. 1967లో సుప్రీంకోర్టు గోలికరీ కేసులో చెప్పింది అదే. టైర్లలో వాడే టైరు కార్డు నూలు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు, ఐదేళ్ల కాంట్రాక్టు మధ్యలో వదిలేసి పోటీ కంపెనీలో చేరాడు, మిగిలిన కాలానికి కోర్టు ఆపింది. కాబట్టి నోటీసు పీరియడ్ పూర్తయ్యేదాకా కొత్త కంపెనీ పని ఒక్క చెరువు దగ్గర కూడా చేయకు. మానేశాక అడ్డుకునే షరతుని కోర్టులు ఒప్పుకోవడం లేదు. 1980 నాటి క్రిషన్ ముర్గాయ్ కేసులో ఇలాంటి రెండేళ్ల షరతుతోనే కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులోనూ కాంట్రాక్టు కాలం అయిపోయాక కూడా పట్టుకునే షరతు సెక్షన్ 27 కింద చెల్లదనే అన్నారు. రెండేళ్లే కదా, మూడు జిల్లాలే కదా అన్న వాదన మన దగ్గర పనికిరాదు.

ఇక 3 లక్షలు. ఆ షరతే చెల్లనప్పుడు దాన్ని తప్పినందుకు పెట్టిన జరిమానా కూడా నిలబడదు. అయితే ఇది బాండుతో కలపొద్దు. మూడేళ్లు చేస్తాను, మధ్యలో పోతే ఇంత కడతాను అని రాస్తే అది వేరే సంగతి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, లేకపోతే 2 లక్షలు అన్న బాండు చెల్లుతుందంది. నువ్వు ఆరేళ్లు చేశావు కాబట్టి నీకు అది ఉండకపోవచ్చు, అయినా ఏడు పేజీలూ ఒకసారి చూడాలి.

నాకు భయం ఉన్నది చెక్కుల దగ్గర. నీ ఇష్టంతో సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కు మీద అవతలివాళ్లు అంకె వేసుకున్నా, అది బాకీ కింద ఇచ్చినట్టే కోర్టు ముందుగా అనుకుంటుంది, 2019లో సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పింది. బాకీ లేదని చూపించుకోవాల్సింది నువ్వు. అందుకని రాజీనామాతో పాటే ఇంకో ఉత్తరం రాయి, ఫలానా నంబర్ల చెక్కులు రెండు చేరిన రోజు సెక్యూరిటీగా ఇచ్చాను, నేను కంపెనీకి ఏమీ బాకీ లేను, చెక్కులూ నా డిప్లొమా ఒరిజినలూ తిరిగి ఇవ్వండి అని. స్పీడ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంటు దాచుకో. ఒకవేళ చెక్కు వేసి వెనక్కి వస్తే వాళ్లు 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, అది నీకు అందిన దగ్గర్నుంచి డబ్బు కట్టడానికి నీకు 15 రోజులు ఉంటాయి. ఆ నోటీసు వస్తే పక్కన పెట్టొద్దు, అదే రోజు ఎవరైనా లాయరు దగ్గరికి వెళ్లు. ఫీజు ఇబ్బంది అయితే 15100కి ఫోన్ చెయ్యి, న్యాయ సేవల సంస్థ వాళ్లు దారి చెప్తారు.

పాలకొల్లు ఫీడు డీలరు:

అందరూ కంపెనీని తిడుతున్నారు గాని మా వైపు కూడా వినండి. నేను డీలర్ని, పట్టుబడి (రొయ్య పట్టి అమ్మడం) అయ్యేదాకా రైతుకి మేత అప్పు మీద ఇస్తాను. ఒక్కో రైతు దగ్గర లక్షలు ఉండిపోతాయి. మూడేళ్ల కిందట మా దగ్గర చేసిన టెక్నీషియన్ ఇంకో కంపెనీకి వెళ్లాడు, వెళ్తూ వెళ్తూ 22 మంది రైతుల్ని తిప్పుకున్నాడు. ఆ పిల్లాడు చెప్పిందే రైతుకి వేదం, ఎందుకంటే రాత్రి చెరువులో రొయ్య తేలుతుంటే వచ్చినవాడు వాడే, నేను కాదు. రైతు కొత్త కంపెనీ మేతకి మారితే పాత బాకీ వసూలు కాదు, పంట మీద ముందు డబ్బు కొత్తవాళ్లకి వెళ్తుంది. రెండు పంటల పాటు నా డబ్బు అందులో ఇరుక్కుపోయింది. దానికి తోడు ఏమీ తెలియని కుర్రాణ్ణి తీసుకొచ్చి ఏడాది నేర్పిస్తాం, నేర్చుకున్నాక పోతాడు. ఆ షరతు రాసినవాళ్లు ఊరికే రాయలేదండి.

నరసాపురం అడ్వకేటు:

డీలరు గారూ, మీ నష్టం నిజమే, నేను కాదనను. కానీ మీ బాకీ రైతు దగ్గర ఉంది, దానికి రైతు దగ్గర కాగితం రాయించుకోవాలి, కుర్రాడి బతుకు మీద కాదు. నేర్పించిన ఖర్చు పోతుందనుకుంటే నిజంగా ఎంత ఖర్చయిందో దాన్ని బట్టి బాండు పెట్టండి, నోటీసు పీరియడ్ రెండు నెలలు పెట్టండి, అవి చెల్లుతాయి. మీ రేట్లు, రైతుల బాకీల లెక్కలు, కంపెనీ ఫార్ములాలు పట్టుకుపోతే దాని మీద కేసు వేయొచ్చు, ఆ షరతు కూడా చెల్లుతుంది. పేగు చూసి జబ్బు చెప్పడం మాత్రం కంపెనీ ఆస్తి కాదు, అది వాడి కళ్లల్లో ఉంటుంది.

కొల్లేరు గాలి (కైకలూరు):

నాకు ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, రెండేళ్ల కిందట మానేశాను. మానేసిన 20 రోజులకి హైదరాబాదు లాయరు దగ్గర్నుంచి ఇంటికి నోటీసు వచ్చింది, 5 లక్షలు కట్టండి, లేకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు అని. పోస్ట్‌మ్యాన్ ఇచ్చినప్పుడు నేను ఊళ్లో లేను, మా అమ్మ తీసుకుని ఆ కాగితం దేవుడి పటం వెనక దాచిపెట్టింది, నాకు నాలుగు రోజులు చెప్పలేదు. తర్వాత కైకలూరు కోర్టులో ఒక లాయరు గారు సెక్షన్ 27 రాసి ఒక పేజీ జవాబు పంపారు, ఆయన తీసుకున్నది 1,500 రూపాయలు. ఆ తర్వాత మళ్లీ ఏ కాగితమూ రాలేదు.

నన్ను బాధపెట్టింది అది కాదు, రిలీవింగ్ లెటర్. ఐదు నెలలు తిప్పారు. కొత్త కంపెనీ వాళ్లు అది లేకుండా పర్మనెంటు చేయం అన్నారు. చివరికి నా రాజీనామా మెయిలు, నోటీసు పీరియడ్‌లో రోజూ వేసిన హాజరు స్క్రీన్‌షాట్లు, ఆఖరి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే ఒప్పుకున్నారు. కాబట్టి అన్నా, ఏదీ నోటి మాటగా వదిలేయకు. కిట్టు, టైట్రేషన్ సీసాలు, మైక్రోస్కోపు, సిమ్ము అన్నీ లిస్టు రాసి అప్పజెప్పి సంతకం తీసుకో. నేను మైక్రోస్కోపు ఇచ్చేసి సంతకం తీసుకోలేదు, దాని ఖరీదు కూడా ఆ నోటీసులో వేశారు.

చెరువు గట్టు (ఆకివీడు):

అందరికీ చాలా థాంక్స్ అండి. అడ్వకేటు గారు చెప్పినట్టు నిన్న రాత్రి ఏడు పేజీలూ కూర్చుని చదివాం, నాకు రాని ఇంగ్లీషు మా ఆవిడ చదివి చెప్పింది. బాండు లేదు, నోటీసు 30 రోజులు. కోర్టు వ్యవహారం ఏదైనా చెన్నైలోనే అని ఇంకో షరతు ఉంది, అది చూసి మళ్లీ భయం వేసింది. చెక్కు బుక్కు కౌంటరు ఫాయిలు వెతికితే పాత ట్రంకు పెట్టెలో దొరికింది, రెండు నంబర్లూ ఉన్నాయి.

నాన్నకి రాజోలు అన్నయ్య రాసిన శాండ్‌విచ్ కుర్రాళ్ల సంగతి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "రొట్టెలు చుట్టే పిల్లల దగ్గర కూడానా" అన్నారు. ఇప్పుడు ఉండిపో అనడం లేదు, ఉత్తరం పోస్టు చేసేటప్పుడు నేనూ వస్తాను అంటున్నారు.

రెండు సందేహాలు. చెన్నై షరతుకి ఏం చేయాలి? రెండోది, నేను పెట్టిన వాట్సాప్ గ్రూపు ఉంది, 140 మంది రైతులు ఉన్నారు, సొంత నంబరు మీదే నడుపుతున్నాను. రోజూ నీళ్ల రిపోర్టులు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), రేటు అందులోనే పెడతాం. అది నాదా, కంపెనీదా?

నరసాపురం అడ్వకేటు:

చెన్నై షరతుని తేలిగ్గా తీసుకోవద్దు, కోర్టు ఎక్కడ అన్న షరతులు చెల్లే అవకాశం ఉంది. కానీ వాళ్లు కేసు వేస్తేనే కదా, చెల్లని షరతు మీద చెన్నైలో ఖర్చు పెట్టడానికి కంపెనీ లాయరు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఆ ఏడు పేజీలూ ఫోటో తీసి నీ దగ్గర పెట్టుకో.

గ్రూపు విషయంలో మొండికెళ్లకు. కంపెనీ పని కోసం పెట్టింది కాబట్టి ఆఖరి రోజున మేనేజరుని అడ్మిన్ చేసి, నేను కంపెనీ మానేశాను అని ఒక్క మెసేజ్ పెట్టి బయటికి వచ్చెయ్యి. అందులోని రిపోర్టులు, రేట్ల షీట్లు కొత్త ఫోనుకి ఎక్కించుకోకు. ఆరేళ్లు నీ ఫోనులో ఉన్న రైతుల పేర్లు చెరిపేసుకోమని ఎవరూ అనరు, వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడడం తప్పు కాదు. నువ్వే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మేత మార్చండి అని మాత్రం నోటీసు పీరియడ్‌లో అనొద్దు, డీలరు గారి బాధ అక్కడే ఉంది.

చెరువు గట్టు (ఆకివీడు):

అలాగే చేస్తానండి. రేపు 10 గంటలకి నాన్న, నేను పోస్టాఫీసుకి వెళ్తున్నాం. పొద్దున్న మాత్రం మామూలుగానే 5కి కాళ్ళ వెళ్లాలి, ఒక రైతు చెరువులో 60 కౌంటు రొయ్య రెండు రోజుల నుంచి మేత సరిగా తీసుకోవడం లేదు.